గీజా ఒక్కటే చూసి రాకండి: కైరో పిరమిడ్ల టూర్ రివ్యూ

కువైట్, దుబాయ్‌ల నుంచి కైరో దగ్గరే కాబట్టి ఈ మధ్య మనవాళ్లు సెలవులకి బాగానే వెళ్తున్నారు. వెళ్లినవాళ్లలో చాలామంది హోటల్ రిసెప్షన్లో దొరికే హాఫ్ డే టూర్ ఎక్కి, గీజాలో మూడు పిరమిడ్ల ముందు ఫొటోలు దిగి, ఒంటె ఎక్కి, మధ్యాహ్నం భోజనానికి తిరిగొచ్చేస్తారు. నేను రాస్తున్నది వేరే రకం టూర్ గురించి. పిరమిడ్లని కట్టిన వరసలోనే చూపించే ప్రైవేట్ టూర్ ఇది. కారు, డ్రైవరు, ఈజిప్టు ప్రాచీన చరిత్ర చదువుకుని లైసెన్స్ తీసుకున్న గైడు ఉంటారు. సక్కారాతో మొదలై మైదూమ్, దహ్షూర్ మీదుగా గీజాకి చేరి, చివరికి గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియంతో ముగుస్తుంది. మూడు రోజుల ప్యాకేజీ, గ్రూప్ టూర్ కన్నా ఖర్చు బాగా ఎక్కువ. అయినా నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర, ఆ అర ఎక్కడ పోయిందో కూడా చెప్తాను.

మా ఆయన, నేను, మా నాన్న వెళ్లాం. నాన్న జీవితమంతా గుంటూరు చుట్టుపక్కల తాపీమేస్త్రీగా పనిచేశారు, కాబట్టి రాజుల కథలూ దేవుళ్ల కథలూ ఆయనకి పెద్దగా పట్టవు. పునాది ఎంత లోతు, రాయి ఎక్కడిది, పైకి ఎలా ఎక్కించారు, మట్టం ఎలా చూశారు, ఇవే అడుగుతారు. ఆయన తెలుగులో అడగడం, నేను ఇంగ్లీషులో చెప్పడం, గైడు ఆగి ఆలోచించి జవాబివ్వడం. ఈ టూర్ విలువ నాకు అక్కడే తెలిసింది, ఎందుకంటే బట్టీపట్టిన గైడు అయితే రెండో ప్రశ్నకే టాపిక్ మార్చేసేవాడు.

సక్కారాలో ఉన్న జోసర్ రాజు మెట్ల పిరమిడ్ క్రీ.పూ. 2650 ప్రాంతంలో కట్టింది, ఈజిప్టులో మొట్టమొదటి పిరమిడ్ ఇదే. అంతకుముందు రాజుల్ని మస్తబాలు అనే బల్లపరుపు సమాధుల్లో పెట్టేవాళ్లు, వాటిని ఎక్కువగా మట్టి ఇటుకలతోనే కట్టేవాళ్లు. జోసర్ దగ్గర పనిచేసిన ఇమ్హొతెప్ అలాంటి మస్తబానే రాతితో మొదలుపెట్టి, దాన్ని పక్కలకి పెంచి, మీద నాలుగు అంతస్తులు వేసి, మళ్లీ విస్తరించి ఆరు అంతస్తులు చేశాడు. ఎత్తు సుమారు 60 మీటర్లు. గైడు మమ్మల్ని అందరూ ఫొటో దిగే చోటికి కాకుండా ముందు పక్కకి తీసుకెళ్లి, పై రాళ్లు ఊడిపోయిన చోట లోపలి మస్తబా గోడ అంచు చూపించాడు. ఒక భవనం మనసు మార్చుకుంటూ పెరిగిన తీరు అక్కడ కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది.

నాన్న మాత్రం రాళ్ల సైజు చూస్తున్నారు. ఇక్కడి రాళ్లు చిన్నవి, ఒకరిద్దరు మోయగలిగేంత. "ఇటుకపని చేసినవాళ్లు రాయి పట్టుకున్నార్రా, ఇంకా ఇటుకలాగానే పేరుస్తున్నారు" అన్నారు. గైడుకి ఆ మాట చెప్తే సంతోషపడిపోయాడు, సరిగ్గా పరిశోధకులు చెప్పేది కూడా అదేనట. ప్రవేశద్వారం దాటగానే వచ్చే స్తంభాలు కూడా చూడండి. రెల్లు కట్టల ఆకారంలో చెక్కారు కానీ ఒక్కటీ విడిగా నిలబడదు, ప్రతి స్తంభాన్నీ వెనక గోడకి అతికించారు. రాతి స్తంభం తనంతట తాను బరువు మోస్తుందని వాళ్లకింకా నమ్మకం కుదరలేదన్నమాట. పైకప్పు రాళ్లని కింది నుంచి చూస్తే తాటి దూలాలు పేర్చినట్టు గుండ్రంగా చెక్కి ఉంటాయి. కర్రతో, రెల్లుతో, మట్టితో కట్టిన ఇల్లు ఎలా ఉంటుందో అలాగే రాతిలో కట్టారు. చుట్టూ ఉన్న ప్రహరీ కిలోమీటరున్నర పైనే ఉంటుంది, అందులో చెక్కిన పధ్నాలుగు తలుపులు ఉత్తుత్తివి, లోపలికి దారి ఒక్కటే.

2006లో మొదలైన మరమ్మతులు చాలా ఏళ్లు సాగి 2020 మార్చిలో ఈ పిరమిడ్ మళ్లీ తెరిచారు. లోపలికి వెళ్లి 28 మీటర్ల లోతున్న బావి లాంటి గుంత అంచున నిలబడితే అడుగున రాజు కోసం చేసిన గ్రానైట్ గది కనిపిస్తుంది. దీనికి విడి టికెట్. తప్పకుండా తీసుకోండి, చాలామంది డబ్బు మిగులుతుందని ఇది వదిలేసి గీజాలో ఒంటె మీద అంతకన్నా ఎక్కువ ఖర్చుపెడతారు.

అదే ఆవరణ పక్కన ఉనస్ అనే రాజు పిరమిడ్ ఉంది, బయటి నుంచి చూస్తే రాళ్ల గుట్ట. క్రీ.పూ. 2350 ప్రాంతానిది, అంటే గీజా పిరమిడ్ల తర్వాత కట్టింది, కాబట్టి వరస ప్రకారం ఇక్కడ చూడకూడదు కానీ దారిలోనే ఉంది కదా అని గైడు తీసుకెళ్లాడు. లోపల గోడల నిండా నిలువు వరుసల్లో చెక్కిన అక్షరాలు, వాటిలో నీలిరంగు ఇంకా ఉంది, పైకప్పు మీద నక్షత్రాలు. పిరమిడ్ లోపల రాతలు కనిపించేది ఇక్కడి నుంచే, చనిపోయిన రాజు ఆకాశానికి చేరడానికి చదివే మంత్రాలవి. గీజా పిరమిడ్ల లోపల ఇలాంటి రాతలుంటాయని ఆశపడి వెళ్లినవాళ్లకి బోసి గోడలే కనపడతాయి, ఆ కొరత తీరాలంటే సక్కారాకే రావాలి.

తర్వాత మైదూమ్. ఈ టూర్‌ని మామూలు టూర్ల నుంచి వేరు చేసేది ఇదే. కైరో నుంచి దక్షిణంగా చాలా దూరం, పొలాల మధ్య నుంచి వెళ్లి ఒక్కసారిగా ఎడారిలోకి తిరుగుతాం. అక్కడ కనిపించేది పిరమిడ్ ఆకారం కాదు, చుట్టూ శిథిలాల దిబ్బ, మధ్యలో నిటారుగా నిలబడ్డ మూడంతస్తుల బురుజు. మేం వెళ్లినప్పుడు వేరే టూరిస్టులు దాదాపు లేరు.

దీన్ని ముందు ఏడు మెట్ల పిరమిడ్‌గా కట్టారు, తర్వాత ఎనిమిది మెట్లకి పెంచారు, ఆ పైన స్నెఫ్రు అనే రాజు కాలంలో మెట్ల మధ్య ఖాళీలు పూడ్చి, నాలుగు వైపులా నున్నగా ఏటవాలుగా వచ్చేలా మార్చారు. మనం పిరమిడ్ అనగానే అనుకునే ఆకారం కోసం మొదటి ప్రయత్నం ఇదే. ఆ బయటి పొర నిలవలేదు. ఎప్పుడు కూలింది అన్నదాని మీద వాదనలు ఉన్నాయి కానీ ఎందుకు బలహీనమైందో ఒక కారణం స్పష్టంగానే ఉంది. లోపలి భాగం బండ మీద ఉంది, తర్వాత కలిపిన బయటి భాగం అడుగు ఇసుక మీద ఉంది. పైగా పాత మెట్ల పక్కలు అప్పటికే నున్నగా చెక్కేసి ఉన్నాయి, కొత్త రాయికి పాత రాయి పట్టు దొరకలేదు. నాన్న ఇది విని చాలాసేపు ఆ దిబ్బ చుట్టూ తిరిగారు. పాత గోడకి కొత్త గోడ కలిపేటప్పుడు పట్టు కోసం పళ్లు వదలకుండా కడితే ఏమవుతుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

కట్టేటప్పుడే కూలిపోయిందని కొందరంటారు. గైడు దానికి ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడానికి ఆయన చెప్పిన కారణం నాకు ఈ టూర్ మొత్తంలో బాగా నచ్చింది. పిరమిడ్ పక్కన చిన్న గుడి ఉంది. ఆ గోడల మీద, పిరమిడ్ కట్టిన వెయ్యేళ్ల తర్వాత వచ్చిన సందర్శకులు రాతలు రాసి వెళ్లారు. మూడో థుట్మోస్ అనే రాజు పాలనలో 41వ ఏట, అంటే క్రీ.పూ. 15వ శతాబ్దంలో ఒక లేఖకుడు స్నెఫ్రు రాజు అందమైన గుడి చూడ్డానికి వచ్చానని, లోపల ఆకాశమే ఉన్నట్టు, అందులో సూర్యుడు ఉదయిస్తున్నట్టు ఉందని రాసుకున్నాడు. శిథిలాల కింద ఉన్న గుడికైతే ఎవరూ అలా రాయరు కదా, కాబట్టి అప్పటికి పిరమిడ్ ఎక్కువ భాగం నిలిచే ఉండాలన్నది గైడు వాదన. పిరమిడ్లు చూడ్డానికి వెళ్లి బాగుందని రాయడం మూడున్నర వేల ఏళ్ల కిందటే ఉందని తెలిసి నాకు ఒళ్లు పులకరించింది.

మైదూమ్ పిరమిడ్ లోపలికి కూడా వెళ్లొచ్చు. ఇనుప మెట్లెక్కి, వంగుని దిగే పొడవాటి సొరంగం, చివర ఒక గది. పైకప్పు రాళ్లని ఒక్కో వరస కొంచెం కొంచెం లోపలికి జరుపుతూ పైన కలిపేశారు. ఈ పద్ధతి పెద్దగా వాడిన మొదటి చోటు ఇది. ఇక్కడ గది చిన్నది, పని మొరటు. దహ్షూర్‌లో ఇదే పని చేయి తిరిగిన తర్వాత ఎలా ఉందో చూస్తాం.

దహ్షూర్‌కి ఐదుకి ఐదు. ఇక్కడ రెండు పెద్ద పిరమిడ్లూ స్నెఫ్రువే. బెంట్ పిరమిడ్ కింది సగం 54 డిగ్రీల వాలుతో లేచి, సగంలో ఒక్కసారిగా 43 డిగ్రీలకి పడిపోతుంది, అందుకే భుజాలు వంచినట్టు కనిపిస్తుంది. నేల మెత్తన, బరువు ఎక్కువ, లోపలి గదుల్లో పగుళ్లు వచ్చాయి. పగుళ్లకి గచ్చు పూశారు, లోపల దేవదారు దూలాలు అడ్డం పెట్టారు, బయట అడుగున చుట్టూ ఇంకో పొర కట్టి బిగించారు. ఆఖరికి బరువు తగ్గించుకోవడానికి వాలు మార్చేశారు. పైభాగంలో రాళ్లు పేర్చే పద్ధతి కూడా మారింది. కింద రాళ్లని లోపలికి వాల్చి పెట్టేవాళ్లు, పైన మట్టంగా పరిచారు. తర్వాతి పిరమిడ్లన్నిటికీ ఆ మట్టం పద్ధతే నిలిచింది. బయటి నున్నటి సున్నపురాయి పొర దీని మీద ఉన్నంతగా ఈజిప్టులో ఇంకే పిరమిడ్ మీదా మిగల్లేదు, ఎండ పడినప్పుడు ఒకప్పుడు ఇవన్నీ ఎలా మెరిసేవో దీన్ని చూసే అర్థం చేసుకోవాలి. 1965 నుంచి మూసి ఉన్న దీన్ని 2019 జూలైలో తెరిచారు. లోపలి దారి చాలా పొడవు, చాలా ఇరుకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దీన్ని వదిలేసి పక్కదానికి బలం దాచుకోండి.

ఆ పక్కది రెడ్ పిరమిడ్. స్నెఫ్రు ఈసారి మొదటి నుంచే 43 డిగ్రీలతో వెళ్లాడు, అడుగు 220 మీటర్లు, ఎత్తు 105. నిజమైన పిరమిడ్ ఆకారంలో చివరిదాకా సరిగ్గా వచ్చిన మొదటిది ఇదే. ముందు బయటి మెట్ల మీదుగా 28 మీటర్ల ఎత్తుకి ఎక్కాలి, అక్కడి నుంచి 60 మీటర్ల పైన పొడవున్న సొరంగంలో వెనక్కి తిరిగి దిగాలి. లోపల అమ్మోనియా వాసన ఘాటుగా ఉంటుంది. కానీ కింద గదుల్లో నిలబడి తల ఎత్తితే మైదూమ్‌లో మొరటుగా చూసిన ఆ పైకప్పే ఇక్కడ 12 మీటర్ల ఎత్తున, గీత గీసినట్టు లోపలికి జరుగుతూ పోతుంది. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇది చేసినాయనకి అంతకుముందు రెండూ చెడగొట్టిన అనుభవం ఉంది, అందుకే వచ్చింది" అన్నారు. గీజాని నేరుగా చూసేవాళ్లకి ఈ మాట ఎప్పటికీ తట్టదు. గ్రహాంతరవాసులు కట్టారనే వీడియోలు తీసేవాళ్లు మైదూమ్, దహ్షూర్ ఎందుకు చూపించరో కూడా నాకు అక్కడే అర్థమైంది. తప్పు చేసి, దిద్దుకుని, మళ్లీ తప్పు చేసి నేర్చుకున్న మనుషుల పని అక్కడ వరసగా కనిపిస్తుంది.

దహ్షూర్ దగ్గర దుకాణాలు దాదాపు లేవు, నీళ్లు, ఏదైనా తినడానికి వెంట తీసుకెళ్లండి. భోజనం టూర్‌లోనే కలిపి ఉంది. సక్కారా రోడ్డు మీద ఒక చోట వేడివేడి రొట్టెలు, పప్పు సూప్, వంకాయ పచ్చడి పెట్టారు, శాకాహారులకి ఇబ్బంది లేదు. కైరోలో కుషరీ దొరుకుతుంది, అన్నం, పప్పు, మాకరోనీ, శనగలు, వేయించిన ఉల్లిపాయలు కలిపి పెడతారు, కారం సాస్ అడిగి వేయించుకోండి.

ఇక గీజా. స్నెఫ్రు కొడుకు ఖుఫు కట్టించిన గ్రేట్ పిరమిడ్, క్రీ.పూ. 2560 ప్రాంతం. అప్పట్లో 146 మీటర్ల పైన, ఇప్పుడు 138 చిల్లర. సుమారు 23 లక్షల రాళ్లు. దహ్షూర్ నుంచి వచ్చినవాళ్లకి ముందు కనపడే తేడా ఏంటంటే పునాది. ఇసుక, మెత్తటి నేల వదిలేసి గట్టి బండని ఎంచుకున్నారు, మధ్యలో సహజంగా ఉన్న బండ దిబ్బని కూడా లోపల కలిపేసుకున్నారు. పునాది గట్టిది కాబట్టి మళ్లీ ధైర్యంగా 52 డిగ్రీల దాకా వాలు పెంచారు. 230 మీటర్ల భుజం ఉన్న అడుగు మొత్తం మీద మట్టంలో తేడా 2 సెంటీమీటర్లు. ఈ లెక్క నాన్న రెండుసార్లు చెప్పించుకున్నారు. రసమట్టం లేని కాలంలో ఎలా అంటే, గైడు పిరమిడ్ అంచు వెంబడి బండలో వరసగా ఉన్న గుంతలు చూపించాడు, వాటిలో కర్రలు పాతి సూత్రం లాగి కొలతలు చూసుకున్నారని పురావస్తు శాస్త్రవేత్తలు చెప్తారు. ఫొటోలకి వచ్చినవాళ్లు ఆ గుంతల మీదుగానే నడిచిపోతున్నారు.

లోపలికి టూరిస్టులు వెళ్లే దారి అసలు ద్వారం కాదు, 9వ శతాబ్దంలో ఖలీఫా అల్ మామూన్ తవ్వించాడని చెప్పే సొరంగం. తర్వాత గ్రాండ్ గ్యాలరీ అనే పెద్ద నడవ, 47 మీటర్ల పొడవు, 8 మీటర్ల పైన ఎత్తు, లోపలికి జరిగే అదే పైకప్పు, ఈసారి ఏటవాలుగా పైకి ఎక్కుతూ. మైదూమ్ గది, రెడ్ పిరమిడ్ గదులు చూసినవాళ్లకి ఇది పాత స్నేహితుణ్ణి చూసినట్టుంటుంది. పైన కింగ్స్ ఛాంబర్ పూర్తిగా అస్వాన్ గ్రానైట్, నైలు మీద 800 కిలోమీటర్ల పైన పడవల్లో తెచ్చారు, కప్పు దూలాల్లో పెద్దవి పదుల టన్నుల బరువు. ఆ కప్పు మీద బరువు పడకుండా ఒకదాని పైన ఒకటి ఐదు ఖాళీ అరలు కట్టారు. మనవైపు పిరమిడ్ అనగానే ధ్యానం గుర్తొచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, కడ్తాల్ మహా పిరమిడ్‌కి వెళ్లే అలవాటున్నవాళ్లకి ఇక్కడ కాసేపు కూర్చోవాలని ఉంటుంది. పొద్దున్నే తెరవగానే వెళ్తేనే అది కుదురుతుంది, తొమ్మిది దాటాక గదిలో నిలబడే చోటుండదు, గాలి కూడా ఆడదు.

రాళ్లు పైకి ఎలా ఎక్కించారు అన్న ప్రశ్నకి గైడు ఒకే జవాబు ఉందని నటించలేదు, అది నాకు నచ్చింది. ఏటవాలు దారులు వాడారు, ఏ ఆకారంలో అన్నదాని మీద వాదనలు ఉన్నాయి. ఖుఫు కాలం నాటి హత్‌నుబ్ అనే రాతి గనిలో 2018లో అలాంటి ఏటవాలు దారే, బాగా నిటారుగా ఎక్కేది, రెండు పక్కలా మెట్లు, స్తంభాలు పాతిన గుంతలతో సహా బయటపడింది. కింద నేల మీద లాగడం గురించైతే ఇంకా స్పష్టంగా తెలుసు. క్రీ.పూ. 1900 ప్రాంతపు ఒక సమాధి బొమ్మలో పెద్ద విగ్రహాన్ని చెక్క స్లెడ్జి (చక్రాలు లేని జారుడు బండి) మీద లాగుతుంటే ఒకతను ముందు ఇసుకలో నీళ్లు పోస్తూ ఉంటాడు. సరిపడా తడిపితే లాగే బలం సగానికి సగం తగ్గుతుందని ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ వాళ్లు 2014లో ప్రయోగం చేసి చూపించారు.

అన్నిటికన్నా బాగా చెప్పింది మెరెర్ గురించి. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్‌లో ఫ్రెంచ్ పురావస్తు శాస్త్రవేత్త పియెర్ తల్లే బృందానికి పాపిరస్ కాగితాలు దొరికాయి. ప్రపంచంలో ఇప్పటివరకు దొరికిన రాసిన పాపిరస్‌లలో అవే పాతవి. మెరెర్ అనే ఆయన పడవ పనివాళ్ల ముఠాకి పెద్ద. తూరా గనుల నుంచి సున్నపురాయి ఎక్కించుకుని నైలు, కాలవల మీదుగా గీజాకి చేర్చిన రోజువారీ లెక్క అది. ఈరోజు ఎక్కడ రాయి ఎక్కించాం, రాత్రి ఎక్కడ పడుకున్నాం, మళ్లీ ఎప్పుడు బయల్దేరాం. నాన్న దగ్గర కూడా అలాంటి నోట్‌బుక్కులే బీరువా నిండా ఉన్నాయి, కూలీల హాజరు, సిమెంటు బస్తాలు, ఇసుక లారీలు. గైడు టాబ్లెట్‌లో ఆ పాపిరస్ ఫొటో చూపిస్తే గళ్లు గీసి రాసిన పట్టిక అది, చదవడం రాకపోయినా హాజరు పట్టీ లెక్క అని ఎవరికైనా తెలిసిపోతుంది.

కట్టినవాళ్లు కొరడా దెబ్బలు తిన్న బానిసలు అని మనం చిన్నప్పటి నుంచి విన్నాం. గీజా పక్కన బయటపడిన పనివాళ్ల ఊరు వేరే మాట చెప్తోంది. రొట్టెలు కాల్చిన బట్టీలు, పడక గదులు, కుప్పలుగా పశువుల ఎముకలు. 1990 నుంచి తవ్విన వాళ్ల సమాధుల్లో విరిగి, కట్టు కట్టాక సరిగ్గా అతికిన ఎముకలు ఉన్నాయి, అంటే వైద్యం చేశారు. పిరమిడ్ నీడలోనే సమాధి కట్టుకోనిచ్చారు. ముఠాలు రాళ్ల మీద తమ పేర్లు రాసుకున్నాయి, ఖుఫు స్నేహితులు అని ఒకటి, మెన్కౌరే (గీజాలో మూడో పిరమిడ్ రాజు) తాగుబోతులు అని ఒకటి. పని మాత్రం నడుములు విరిచేదే, ఆ అస్థిపంజరాల వెన్నెముకలు అరిగిపోయి ఉన్నాయని కూడా గైడు దాచకుండా చెప్పాడు.

ఖఫ్రే పిరమిడ్, మెన్కౌరే పిరమిడ్ త్వరగా ముగించాం. ఖఫ్రేది ఎత్తు నేల మీద ఉంది కాబట్టి పెద్దగా కనిపిస్తుంది, కొస మీద పాత పొర మిగిలింది. మెన్కౌరే పిరమిడ్ ఉత్తరం వైపు ఉన్న నిలువు గాయం 12వ శతాబ్దం చివర అల్ అజీజ్ ఉత్మాన్ అనే సుల్తాన్ పడగొట్టించబోయి, నెలల తరబడి తంటాలు పడి వదిలేసింది. కట్టడం సంగతి అటుంచి పడగొట్టడం కూడా అంత కష్టం.

చివర్లో వచ్చే గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియంలో ఖుఫు పడవ చూడండి. 1954లో పిరమిడ్ పక్క గుంతలో వెయ్యికి పైగా ముక్కలుగా దొరికింది, మళ్లీ జోడిస్తే 43 మీటర్లు. చెక్కలకి తాళ్లతో కుట్లు వేసి కలిపారు. రాజుల మమ్మీలు మాత్రం ఇక్కడ ఉండవు, వాటి కోసం ఫుస్తాత్‌లో ఉన్న వేరే మ్యూజియానికి వెళ్లాలి, ఇది టూర్‌లో లేదు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీ చూసినవాళ్లు తప్పకుండా అక్కడికీ వెళ్లండి.

ఇప్పుడు ఆ తగ్గిన అర సంగతి. నాన్న అడిగారు, ఇలాంటివి వేరే దేశాల్లోనూ ఉన్నాయంటారు కదా, వాళ్లెలా కట్టారు అని. గైడు సూడాన్ గురించి చాలా బాగా చెప్పాడు. అక్కడి నూబియా ప్రాంతపు రాజులు క్రీ.పూ. 8వ శతాబ్దం నుంచి ఎల్ కుర్రు, నూరి, మెరోయిలలో రెండు వందలకి పైగా పిరమిడ్లు కట్టారు, సంఖ్యలో ఈజిప్టు కన్నా ఎక్కువ. చిన్నవి, బాగా నిటారు. 1834లో ఫెర్లీని అనే ఇటలీ వైద్యుడు బంగారం కోసం వాటిలో చాలావాటి కొసలు ధ్వంసం చేశాడు. 2023 నుంచి అక్కడ యుద్ధం, వెళ్లే పరిస్థితి లేదు. ఇంతవరకు బాగుంది. కానీ మెక్సికో, పెరూ దగ్గరకి వచ్చేసరికి "అందరూ మా దగ్గరే నేర్చుకున్నారు" అని తేల్చేశాడు. ఇది నాకు అస్సలు నచ్చలేదు, నిజం కూడా కాదు.

పెరూలో కరాల్ పట్టణపు పిరమిడ్లు జోసర్, స్నెఫ్రుల కాలానివే, క్రీ.పూ. 2600 నాటివి, మధ్యలో మహాసముద్రం. అక్కడి పద్ధతే వేరు. రెల్లుతో వల సంచులు అల్లి, వాటిలో రాళ్లు నింపి, సంచులతో సహా పేర్చి దిబ్బ లేపారు, భూకంపం వచ్చినా సంచి లోపల రాళ్లు కదిలి సర్దుకుంటాయి. ఇరాక్‌లో ఊర్ జిగురాత్ క్రీ.పూ. 21వ శతాబ్దంలో ఊర్ నమ్ము అనే రాజు కట్టించింది. లోపల పచ్చి ఇటుక, బయట కాల్చిన ఇటుక, మధ్యలో తారు. సమాధి కాదు, పైన గుడి కోసం కట్టిన దిమ్మె. మెక్సికోలో తియోతివాకాన్ సూర్య పిరమిడ్ అడుగు దాదాపు ఖుఫు పిరమిడ్ అంత, ఎత్తు సగం కన్నా తక్కువ. అదే దేశంలో చొలూలాది పరిమాణంలో ప్రపంచంలోనే పెద్దది, ఒకటి కట్టి దాని మీద ఇంకోటి, మళ్లీ ఇంకోటి, శతాబ్దాల పాటు పెంచుకుంటూ పోయారు. స్పానిష్‌వాళ్లు వచ్చేసరికి గడ్డి మొలిచిన కొండలా ఉంటే దాని మీద చర్చి కట్టారు. టెక్సాస్‌లో ఉండే మా కజిన్ వాళ్లు అక్కడికి వెళ్లి, కొండ మీద చర్చి అనుకుని ఎక్కారట. మెక్సికోలోనే చిచెన్ ఇట్సా పిరమిడ్‌కి నాలుగు వైపులా 91 మెట్ల చొప్పున, పైన ఒకటి కలిపి 365. ఎక్కువచోట్ల పైకి ఎక్కి పూజ చేసుకోవడానికే కట్టారు, పాలెంకేలో పకాల్ రాజు సమాధి లాంటివి కొన్నే. రోమ్‌లో సెస్టియస్ పిరమిడ్ ఉంది, అది మాత్రం ఈజిప్టుని చూసి కట్టుకున్నదే, 330 రోజుల్లో పూర్తయిందని దాని మీదే రాసి ఉంది.

ఆకారం ఎందుకు కలిసిందంటే నాన్న చెప్పిందే నాకు సరిగ్గా తోచింది. ఉక్కు లేకుండా, కాంక్రీటు లేకుండా రాయో మట్టో ఎత్తుగా పేర్చాలంటే కింద వెడల్పు, పైన సన్నం తప్ప దారి లేదు. ఆయన తంజావూరు చూశారు, ఆ విమానం 60 మీటర్ల పైన లేస్తుంది కానీ లోపల బోలు, గుడి కదా, దేవుడికి చోటు కావాలి. అవసరం వేరు, పని వేరు. గైడుకి ఇదంతా చెప్తే మర్యాదగా విన్నాడు, కానీ తన మాట మార్చుకోలేదు.

బుక్ చేసేవాళ్లకి కొన్ని మాటలు. టికెట్లకి కార్డు దగ్గర ఉంచుకోండి, చాలాచోట్ల నగదు తీసుకోరు. లోపలికి వెళ్లే టికెట్లు టూర్ ధరలో ఉన్నాయా లేదా రాతపూర్వకంగా అడగండి, ధరలు తరచూ మారుతుంటాయి. పాపిరస్ షాపు, అత్తరు షాపు ఆపకూడదని ముందే చెప్పండి. మా బంధువులు వేరే ఏజెన్సీ గ్రూప్ టూర్‌లో వెళ్తే షాపుల్లోనే పొద్దంతా గడిచిపోయి గీజాలో హడావిడిగా తిప్పేశారు. ఒంటెలవాళ్లు ఉచితం అని తలకి గుడ్డ కట్టబోతారు, కట్టించుకోకండి, "లా, షుక్రన్" (వద్దు, థాంక్స్) అని నడిచిపోవడమే. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు ఎండ హాయిగా ఉంటుంది. పెద్దవాళ్లతో వెళ్తే లోపలి దారులు అన్నీ ఎక్కించొద్దు, రెడ్ పిరమిడ్ ఒక్కటి చూపిస్తే చాలు, లోపలికి వెళ్లడానికి విడి డబ్బులు కూడా అక్కర్లేదు, ప్రవేశ టికెట్‌లోనే వస్తుంది. గైడుని ఎంచుకునేటప్పుడు ఫోన్లో మైదూమ్ కూడా చూపిస్తారా అని అడగండి, అక్కడ శిథిలాలు తప్ప ఏం లేవు, ఎందుకు దండగ అన్నాడంటే ఇంకొకరిని వెతుక్కోండి.